పైకి చూసే పాపాయి

మా వీధిలో పాపాయి అంటే చంటిపిల్ల అనుకునేరు. నలభై దాటిన మనిషి. పుట్టినప్పుడు ముద్దుకు పిలిచిన పేరు అలాగే ఉండిపోయి, ఆధార్ కార్డులోకి కూడా ఎక్కేసింది. మా ఎదురింట్లో ఉంటుంది. మొగుడు త్రిమూర్తులు కొబ్బరి దింపు తీస్తాడు. అంటే చెట్టెక్కి గెలలు కోసి కిందకు దించుతాడు. ఆ పడిన కాయల్ని ఏరి రాశి పొయ్యడం పాపాయి పని. అంబాజీపేట చుట్టుపక్కల ఇలా పని చేసుకునే మొగుడూపెళ్ళాలు చాలామందే ఉన్నారు. కానీ మొగుడు చెట్టు మీద ఉన్నంతసేపూ కింద నిలబడి, తల పైకెత్తి, కన్ను తిప్పకుండా చూసే మనిషి మాత్రం ఈవిడొక్కతే.

నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. పేరు జ్ఞానమ్మ. ఊళ్ళో ఆ పేరు ఎవరికీ గుర్తుండదు, నర్సమ్మ గారు అంటేనే తెలుస్తుంది. రోగుల మీద నాకు జాలి కన్నా కోపం ముందు వస్తుంది. చెప్పిన మాట వినరు, విన్నట్టు తలూపుతారు. పాపాయి ఆ తలైనా ఊపలేకపోయేది, దాని మెడ అంత బిగుసుకుపోయి ఉండేది. దింపు రోజు సాయంత్రం పని దిగాక మా అరుగు మీదకు వచ్చి కూర్చునేది. నేను తిట్టుకుంటూ మందు రాసేదాన్ని. చేత్తో పడితే మెడ నరాలు ఎండు మట్టల్లా తగిలేవి. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కిపోయి ఉండేవి. కిందకు దింపమంటే, "దింపే ఉన్నానండి" అనేది.

"అంతసేపు పైకి చూడ్డం ఎందుకే? వాడేమన్నా ఎగిరిపోతాడా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"చూడకపోతే పడిపోతారండి" అంది. రేపు శనివారం అన్నంత మామూలుగా అంది.

ఆ రోజే తన తండ్రి సంగతి చెప్పింది. తండ్రి వీర్రాజు కూడా దింపు తీసేవాడట. దీనికి ఎనిమిదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ పట్టుకుని కాలవ పక్క తోటకు వెళ్ళింది. ఆయన చెట్టు మీద ఉన్నాడు. కట్ట మీద ఐసు బండి బూర మోగింది. పిల్ల అటు తిరిగింది. ఎర్ర పెట్టె, దాని మీద తెల్లరంగుతో వేసిన బాతు బొమ్మ. ఆ బాతును చూస్తూ ఉండగా వెనక దబ్బుమని చప్పుడైంది.

"కాయ పడిందనుకున్నానండి" అంది పాపాయి.

ఆ తర్వాత పరామర్శకు ఎవరొచ్చినా తల్లి మంగాయమ్మ ఒకటే మాట చెప్పేదట. పాపాయి అటు తిరిగి ఉంది, ఐసు బండి వంక చూస్తోంది, అది ఏమీ చూడలేదు అని. వచ్చినవాళ్ళు కూడా పిల్ల తల నిమిరి, నువ్వు చూడలేదమ్మా, నువ్వు చూడలేదు అని పోయేవారట. పిల్ల ఆ మాటను తన లెక్కలో వేసుకుంది. నేను చూడలేదు, అందుకే నాన్న పడిపోయాడు. ఇంకెప్పుడూ ఐసు ముట్టుకోలేదు. ఎండాకాలంలో వీధిలో బండి బూర వినిపిస్తే దీని భుజాలు చెవుల్లోకి పోవడం నేను కళ్ళారా చూశాను.

మొగుడు పోయాక మంగాయమ్మ ఈ ఊళ్ళలో ఉండలేక పిల్లను తీసుకుని కడియం వెళ్ళిపోయింది. నర్సరీలో సంచుల్లో మట్టి నింపే పనికి కుదురుకుంది. అక్కడ ఏ మొక్కా మోకాలు దాటి ఉండదు, తల దించుకుని చేసుకునే పని, అది చాలనుకుంది. పిల్లను కూడా నర్సరీలో లారీలకు మొక్కలు ఎత్తే కుర్రాడికే ఇచ్చి చేసింది. ఆ కుర్రాడే త్రిమూర్తులు. పెళ్ళయిన కొన్నాళ్ళకు వాళ్ళ నాన్నకు మోకాళ్ళు పోయాయి. తాతల నాటి నుంచి దింపు తీస్తున్న తోటలు చేజారిపోకూడదని త్రిమూర్తులు అంబాజీపేట వచ్చి చెట్టెక్కాడు. అత్తగారు ఏడాది పాటు అల్లుడి మొహం చూడలేదు. పాపాయి మాత్రం వద్దని ఒక్క మాట అనలేదు. నేనూ తోటకు వస్తాను అంది, అంతే.

త్రిమూర్తులు సరదా మనిషి. "పెళ్ళిచూపుల్లో నా వంక ఒక్కసారి కూడా చూడలేదండి. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తోంది" అని నవ్వేవాడు. ప్రతి చెట్టు మొవ్వు దగ్గరికి చేరగానే కిందకు వంగి "ఉన్నావా?" అని కేకేసేవాడు. "ఉన్నాను" అనేది. అప్పుడు కత్తి తీసేవాడు. కాయలు ఏరడానికి పిలిచామా, ఆకాశం చూడ్డానికి పిలిచామా అని తోటల వాళ్ళు సణిగేవాళ్ళు. ఆయన కిందకు దిగాక ఇది పరుగులు పెట్టి ఏరి, ఎవరి నోటా మాట పడకుండా రాశి పూర్తి చేసేది.

ఇరవై ఏళ్ళు ఇలాగే గడిచాయి. ఈ రెండు మూడేళ్ళలో ఆ మెడ తోట వదిలి ఇంట్లోకి కూడా వచ్చింది. కూర కలుపుతూ కలుపుతూ తల పైకి లేచిపోయేది. బస్సులో కూర్చుంటే కప్పు వంక చూసేది. రోడ్డు మీద అంబులెన్సు కూత వినిపించినా, త్రిమూర్తులు ఫోను ఎత్తకపోయినా ముందు మెడ బిగిసేది, తర్వాత గుండె దడ, ఆ తర్వాత ఎడమ చెయ్యి తిమ్మిరి. అసలు భయం మొదలైందో నొప్పి మొదలైందో దానికే తెలిసేది కాదు. "మెడలో ఎవరో కూర్చుని జుట్టు పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టుంటుందండి" అని ఒకసారి అంది. నర్సుగా చాలా మాటలు విన్నాను కానీ ఆ మాటకు నాకు ఒళ్ళు జలదరించింది.

పోయిన వేసవిలో తోటలో అలా పైకి చూస్తూ చూస్తూనే కళ్ళు తిరిగి చెట్టు మొదట్లో పడిపోయింది. పైన త్రిమూర్తులు అప్పటికే గెల కోసేశాడు. ఆ గెల దీని తల పక్కనే, జానెడు దూరంలో పడింది. ఆయన చెట్టు పట్టుకుని జారిపోతూ దిగాడు, గుండెల మీద తోలంతా లేచిపోయింది. ఆ గాయాలకు నేను కట్టు కడుతుంటే ఎప్పుడూ నవ్వే ఆ మనిషి నవ్వకుండా అన్నాడు.

"ఇక దీన్ని తోటకు రానివ్వనండి. నేను పడ్డం సంగతి దేవుడెరుగు, ముందు నా చేత్తో దీన్ని చంపేసేలా ఉన్నాను."

ఆ తర్వాత దింపు రోజుల్లో పాపాయిని మా అరుగు మీద కూర్చోబెట్టి వెళ్ళడం మొదలుపెట్టాడు. అది ఇంకా ఘోరం. ఎదురుగా చెట్టు లేదు, మనిషి లేడు, అయినా దాని తల పైకే ఉండేది. మా వసారా పెంకుల వంక చూస్తూ పెదవులు కదిపేది. ఉన్నాను, ఉన్నాను అంటోందని దగ్గరికి వెళ్తే గానీ తెలియలేదు. మరునాడే వెంటబెట్టుకుని రాజమండ్రి బస్సెక్కించాను.

ఎముకల డాక్టరు చిన్నవాడే కానీ నిదానం ఉన్నవాడు. స్కానింగు ఫిల్ము లైటుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"వయసుకు తగ్గ అరుగుదలే ఉందమ్మా. నరం మీద ఒత్తిడి లేదు. ఇంత బిగుతు ఎముక వల్ల రాదు" అని దాని వంక తిరిగి, "మీరు దేనికైనా భయపడతారా?" అని అడిగాడు.

పాపాయి నా వంక చూసింది. నేను చెప్పాను. ఆయన నవ్వలేదు, అందుకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. మనిషి భయపడితే మెడా భుజాలూ బిగుసుకుంటాయనీ, రోజూ భయపడితే రోజూ బిగుసుకుని చివరికి వదలడం మరిచిపోతాయనీ, బిగిసిన మెడ నొప్పీ తల తిరుగుడూ తెస్తే ఆ తిరుగుడు చూసి మనిషి మళ్ళీ భయపడుతుందనీ ఓపికగా చెప్పాడు. మాత్రలు రాశాడు. మెడకు వ్యాయామాలు చూపించాడు. భయానికి వైద్యం చేసే డాక్టరు పేరు కూడా రాసిచ్చి, "ఇది ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకుని ఆయనకు చెప్పండి" అన్నాడు.

"మా ఆయన చెట్టెక్కినప్పటి నుంచేనండి" అంది పాపాయి.

తిరిగి వచ్చే దారిలోనే కదా అని కడియంలో దిగాం. మంగాయమ్మకు డెబ్భై దాటాయి, అయినా నర్సరీ మానలేదు. రోడ్డు నుంచి లోపలికి, మొక్కల బారుల మధ్య పీట వేసుకుని సంచుల్లో మట్టి నింపుతోంది. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుంది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని మెడ మీద చెయ్యి వేసి నిమరబోయి, ఆ గట్టిదనానికి చెయ్యి తీసేసింది. డాక్టరు ఏమన్నాడో నేను చెప్పాను. పెళ్ళయ్యాక వచ్చిందని మీ అమ్మాయి అంటోంది అన్నాను.

"పెళ్ళయ్యాక ఏంటండి? ఆయన పోయినప్పుడే పట్టేసింది దీని మెడ. మూడు రోజులు తల కిందకి దిగలేదు. పడుకోబెట్టినా పైకే చూసేది" అంది మంగాయమ్మ.

నా మనసు ఆ మాట దగ్గర ఆగిపోయింది. నర్సు బుద్ధి ఊరుకోదు.

"కట్ట మీద ఐసు బండి వైపు తిరిగి ఉన్న పిల్లకు మెడ పైకి పట్టడమేంటి మంగాయమ్మా?"

ఆవిడ మళ్ళీ మట్టిలో చెయ్యి పెట్టింది. ఒక సంచి నింపింది, పక్కన పెట్టింది. ఇంకో సంచి తీసింది. ఇలాంటప్పుడు మాట్లాడకూడదని నాకు తెలుసు, అయినా ఇంకాస్తయితే అరిచేసేదాన్నే. అప్పటికి మంగాయమ్మ నోరు విప్పింది.

"నేను కట్ట మీద నుంచి వస్తున్నానండి. ఇది చెట్టు కింద నిలబడి వాళ్ళ నాన్న వంకే చూస్తోంది. క్యారేజీ చేతిలోనే ఉంది. ఆయన పట్టుకున్న మట్ట ఊడొచ్చేసింది. మట్టతో సహా వచ్చి దీని కాళ్ళ దగ్గర పడ్డాడు. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆయన కింద ఉన్నాడు, ఇది ఇంకా పైకే చూస్తోంది. ఎంత పిలిచినా తల దించలేదు. చెట్టు మీద ఆయన ఇంకా ఉన్నట్టే చూస్తోంది."

నర్సరీలో ఎవరో ట్యూబు పెట్టి మొక్కలు తడుపుతున్నారు.

"మూడు రోజులు అన్నం లేదు, మాట లేదు. ఇది కూడా నాకు దక్కదనుకున్నాను. నాలుగో రోజు ఒళ్ళో పడుకోబెట్టుకుని చెప్పాను. నువ్వు చూడలేదు బంగారం, నువ్వు అటు తిరిగి ఉన్నావు, ఐసు బండి చూస్తున్నావు అని. చెప్పిందే చెప్పాను. వచ్చినవాళ్ళ చేత కూడా చెప్పించాను. అప్పుడు తల దించింది. అప్పుడు అన్నం తింది." ఆవిడ కూతురి వంక చూడకుండానే అంది, "ఆ రోజు ఏ ఐసు బండీ రాలేదమ్మా. ముసురు పట్టిన రోజు, ఐసు బండి ఎక్కడిది?"

పాపాయి అడిగింది.

"మరి బాతు బొమ్మ?"

"ఏ బాతు?"

"పెట్టె మీద తెల్ల బాతు."

"అది నేను చెప్పలేదమ్మా" అంది మంగాయమ్మ. ఆవిడ మొహంలో భయం కనిపించింది.

నాకు ఆ ముసలావిడ మీద కోపం రావాలి. రాలేదు. ఆ తల్లి చేతిలో అప్పుడు ఆ ఒక్క మందే ఉంది, ఇచ్చింది. పిల్ల బతికింది కూడా. ఆ మందే దాన్ని ముప్ఫై ఏళ్ళకు పైగా లోపల్నుంచి తినేసిందని ఆవిడకు ఎలా తెలుస్తుంది? పాపాయి కింద కూర్చుని రెండు సంచుల్లో మట్టి నింపిపెట్టి, చేతులు కడుక్కుని, వెళ్దామండి అంది.

రావులపాలెంలో బస్సు మారాలి. స్టాండులో ఐసు అమ్మే కుర్రాడు కనిపిస్తే తనే వెళ్ళి ఒక పాల ఐసు కొనుక్కుంది. నిలబడి మొత్తం తింది. పుల్ల పారెయ్యకుండా చేతిలోనే పట్టుకుని బస్సెక్కింది.

"అయితే చూస్తున్నా పడతారన్నమాటండి" అంది.

"పడితే పడతారు, లేకపోతే లేదు. అది నీ చేతిలో లేదే" అన్నాను.

"ఇన్నేళ్ళూ నా చేతిలోనే ఉందనుకున్నానండి."

కాసేపటికి నిద్రపోయింది. గడ్డం గుండెలకు ఆనించి, తల పూర్తిగా ముందుకు వాల్చి నిద్రపోయింది. ఆ తల అలా వాలడం నేను ఎన్నడూ చూడలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మెడ బాగుపడుతుందని, నా కష్టం ఫలించిందని లోపల మురిసిపోయాను కూడా.

నిజంగానే ఆ తర్వాత వారాల్లో మెడ కాస్త వదిలింది. రోజూ ఉదయం మా అరుగు మీద వ్యాయామాలు చేసేది. భుజాలు తమ చోటికి దిగాయి. కాకపోతే మనిషి మునుపటిలా మాట్లాడేది కాదు. పిలిస్తే ఒకసారికి పలికేది కాదు. ఎక్కడ చూస్తున్నావే అంటే నేల వంక చూపించేది. ఒక్కోసారి తన కాళ్ళ ముందు ఏదో పడి ఉన్నట్టు పక్కకు తప్పుకుని నడిచేది. అక్కడ ఏమీ ఉండేది కాదు. నేను చూశాను కానీ అడగలేదు.

తర్వాతి దింపు మా పెరట్లో. నాకు ఉన్నవి కొన్ని చెట్లే, కానీ నూతి పక్క చెట్టు మాత్రం మా మామగారు నాటింది, బాగా పొడుగు. పాపాయి తను కూడా వస్తానంది. ఇక పైకి చూడననీ, కాయలే ఏరుకుంటాననీ మొగుడికి చెప్పింది. త్రిమూర్తులు సంతోషపడ్డాడు. "హమ్మయ్య, బాకీ తీరిందండి నర్సమ్మ గారూ" అన్నాడు. కాళ్ళకు బందం తాడు వేసుకుని చెట్టెక్కాడు. చిన్న చెట్లు అయిపోయాయి. వాటి మీద ఉన్నంతసేపూ ఆయన కిందకు చూస్తూనే ఉన్నాడని నేను గమనించాను. పాపాయి మాత్రం ఒక్కసారి తల ఎత్తలేదు.

నూతి పక్క చెట్టు మొవ్వు దగ్గరికి చేరి ఎప్పటిలా కేకేశాడు.

"ఉన్నావా?"

"ఉన్నాను" అంది పాపాయి వంగి కాయ తీస్తూ.

కత్తి చప్పుడు వినిపించలేదు. నేను కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను. పైన ఏదీ కదలడం లేదు.

"ఇటు చూడవే" అన్నాడు త్రిమూర్తులు. నవ్వుతూనే అన్నాడు.

"కాయలు ఏరుతున్నానండి. మీరు కొయ్యండి."

"ఒక్కసారి చూడవే పాపాయీ." ఈసారి నవ్వు లేదు.

నేను లేచి వెళ్ళాను. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే, ఆయన రెండు చేతులతో చెట్టును కావలించుకుని ఉన్నాడు. కత్తి మొలలోనే ఉంది. బందం వేసిన కాళ్ళు వణుకుతున్నాయి, ఆ వణుకు కింద నుంచే కనిపిస్తోంది. ఇరవై ఏళ్ళు పరాచికాలాడుతూ ఎక్కిన మనిషి కిందకు దిగలేక, పైకి జరగలేక అక్కడే ఉండిపోయాడు. ఆయన ఇన్నాళ్ళూ దేన్ని పట్టుకుని ఎక్కాడో నాకు అప్పుడు తెలిసింది.

"చెట్టు ఊగుతోందే" అన్నాడు. గాలి లేదు. పక్క చెట్టు మట్ట కూడా కదలడం లేదు.

పాపాయి చేతిలో కాయ కింద పెట్టింది. చెట్టు మొదటికి నడిచింది. నడుస్తూ ఒకచోట, అలవాటుగా, కాళ్ళ ముందు ఏదో ఉన్నట్టు పక్కకు తప్పుకుంది. తర్వాత నిలబడి తల ఎత్తింది. ఆ మెడ వెనక్కి వాలుతుంటే భుజాలు మెల్లగా పైకి లేచి మళ్ళీ చెవుల దగ్గర ఆగాయి.

"చూస్తున్నావా?"

"చూస్తున్నానండి. నేను చూస్తున్నానుగా, మీరు పడరు" అంది. వాళ్ళమ్మ గొంతులా ఉంది ఆ గొంతు, పిల్లను ఒళ్ళో వేసుకుని చెప్పే గొంతు.

పైన కాళ్ళ వణుకు తగ్గింది. కాసేపటికి మొలలోంచి కత్తి తీశాడు. పాపాయిని పక్కకు జరపాలని నేను దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. అంత ఎత్తు నుంచి ఆయనకు కనిపించదు కానీ, నాకు కనిపించింది. దాని మొహం పైకే ఉంది, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"కోస్తున్నానే, జరుగు" అన్నాడు త్రిమూర్తులు పైనుంచి, ఎప్పటి గొంతుతో.

నేను దాన్ని చెయ్యి పట్టుకుని నూతి వైపు లాక్కొచ్చాను. గెల దబ్బుమని పడింది. పాపాయి కళ్ళు తెరవలేదు.